క్యాన్సర్ కాదన్నారు, మరి ఆపరేషన్ ఎందుకు?



ఎముకల డాక్టర్లు తరచూ వినే ప్రశ్న ఒకటుంది. తుంటి ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనపడుతుంది. ఎమ్మారై తీయిస్తాం, అవసరమైతే ముక్క పరీక్ష చేయిస్తాం. రిపోర్టు చేతికొచ్చాక "భయం లేదండీ, క్యాన్సర్ కాదు" అంటాం. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వెంటనే "అయితే ఆపరేషన్ చెయ్యాలి" అంటాం. అప్పుడు అడుగుతారు: "క్యాన్సర్ కానప్పుడు కొయ్యడం దేనికండీ?"

న్యాయంగా అడిగిన మాటే. అదే గడ్డ పక్కటెముకలో ఉంటే చాలాసార్లు దాని జోలికే పోం. ఆరు నెలలకో ఎక్స్‌రే తీయించుకు రమ్మని పంపేస్తాం. తుంటి దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. గడ్డ ఎలాంటిదన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ కూర్చుందన్నదీ ఇక్కడ అంతే ముఖ్యం. ఈ జాతి గడ్డ ప్రాణం తీయదు గానీ, అశ్రద్ధ చేస్తే నడక తీసేస్తుంది. తుంటి చుట్టూ వచ్చే ఈ గడ్డలు ఎలాంటివి, ఏ గడ్డకు ఏ ఆపరేషన్, అసలు ఆపరేషన్ అక్కర్లేనివేవి అన్నది ఇవాళ చెప్పుకుందాం.

ముందు తుంటి సంగతి. తొడ ఎముక మోకాలి నుంచి పైకి వచ్చి, తుంటి దగ్గర లోపలికి వంగుతుంది. వంగిన ఆ సన్నటి భాగాన్ని మెడ అంటాం. మెడ చివర గుండ్రటి తల ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో ఇమిడి తిరుగుతుంది. పెద్దవాళ్లలో మెడకూ కింది ఎముకకూ మధ్య కోణం సుమారు 130 డిగ్రీలు. అంటే ఒంటి బరువు ఎముక మీద నిట్టనిలువుగా దిగదు, పక్కగా పడుతుంది. మేడ ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలో నలుగురు నిలబడితే, ఆ భారమంతా అది గోడలో కలిసే మొదట్లో పడుతుంది కదా. తొడ ఎముక మెడదీ అదే పరిస్థితి.

ఆ భారం ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. జర్మనీ పరిశోధకులు కృత్రిమ తుంటి కీళ్లలోనే కొలత పరికరాలు అమర్చి, మనిషి నడుస్తుండగా లెక్క కట్టారు. మామూలు నడకలో ఒంటి బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు కీలు మీద పడుతుంది. కాలు తట్టుకుని తూలి తమాయించుకునే క్షణంలో ఏడెనిమిది రెట్ల దాకా పోతుంది. యాభై కిలోల మనిషికి అది నాలుగు వందల కిలోలు. గట్టి ఎముక దీన్ని మోస్తుంది. లోపల గుల్లబారిన ఎముక ఎన్నాళ్లు మోయగలదు?

రెండో సంగతి రక్తం. తలకు రక్తాన్ని తీసుకెళ్లే ముఖ్యమైన ధమని మెడ వెనకవైపు నుంచి చుట్టి పైకెక్కుతుంది. మెడ విరిగి పక్కకు జరిగితే ఆ దారి తెగిపోవచ్చు. అప్పుడు తల భాగం చచ్చుబడి మెల్లగా కుంగిపోతుంది. సర్జన్ తొందరపడి వెనక నుంచి తొలిచినా అదే ప్రమాదం. పిల్లల్లో మూడో చిక్కు కూడా ఉంది. తలకూ మెడకూ మధ్య ఎముక ఎదిగే మెత్తటి పొర ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే కాలు పొట్టి కావచ్చు, మెడ వంకర తిరగవచ్చు.

ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని ఇక గడ్డల దగ్గరికి వద్దాం.

మొదటిది ఆస్టియాయిడ్ ఆస్టియోమా. పరిమాణం ఒకటిన్నర సెంటీమీటరు లోపే గానీ, పెట్టే బాధ చాలా పెద్దది. పది నుంచి పాతికేళ్ల లోపు వాళ్లలో, అందులోనూ మగపిల్లల్లో ఎక్కువ. పగలంతా బాగానే ఆడుకున్న పిల్లాడు అర్ధరాత్రి లేచి కాలు పట్టుకుని ఏడుస్తాడు. నొప్పి మాత్ర వేస్తే అరగంటలో తగ్గిపోతుంది. మర్నాడు రాత్రి మళ్లీ మామూలే. ఇందులో తికమక ఏమిటంటే చాలామంది పిల్లలు తుంటిని చూపించరు, మోకాలిని చూపిస్తారు. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడిగా ఉండటంతో పైన పుట్టిన నొప్పి కింద తెలుస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. "ఎదుగుదల నొప్పులేలే" అని పంపేస్తారు. నెలలు గడుస్తాయి, తొడ కండ సన్నబడుతుంది, పిల్లాడు కుంటడం మొదలుపెడతాడు. అప్పుడు తుంటికి ఎక్స్‌రే రాస్తే, "మోకాలు నొప్పంటే తుంటికి ఫొటో ఏమిటండీ?" అని తల్లి అనుమానంగా చూస్తుంది.

ఎదుగుదల నొప్పులు సాధారణంగా రెండు కాళ్లకూ వస్తాయి, ఓ రోజు వచ్చి నాలుగు రోజులు మానేస్తాయి. ప్రతి రాత్రీ ఒకే కాలికి, ఒకే చోట వచ్చే నొప్పి ఆ కోవలోది కాదు. ఇంకో మాట: నొప్పి తగ్గుతోంది కదా అని పిల్లలకు ఆస్పిరిన్ సొంతంగా వేయకండి. పిల్లల్లో దానికి వేరే ప్రమాదాలున్నాయి.

ఈ గడ్డను 1935లో న్యూయార్క్‌లో హెన్రీ జాఫీ అనే పాథాలజిస్టు ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వైద్యం ఒకటే: గడ్డ ఉన్న చోట ఎముకను ముక్కగా కోసి తీయడం. మెడలోంచి ముక్క తీస్తే మెడ బలహీనపడుతుంది. గోరంత గడ్డ కోసం రోగి నెలల తరబడి చంక కర్రల మీద నడవాల్సి వచ్చేది. 1992లో బోస్టన్ వైద్యుడు డేనియల్ రోజెంతాల్ బృందం కొత్త దారి చూపింది. రోగికి మత్తిచ్చి సీటీ స్కాన్ బల్ల మీద పడుకోబెడతారు. స్కాన్‌లో దారి చూసుకుంటూ సన్నటి సూదిని సరిగ్గా గడ్డ నడిమధ్యకు దింపుతారు. రేడియో తరంగాలతో సూది మొనను సుమారు 90 డిగ్రీలకు వేడి చేసి, ఆరు నిమిషాలు అలాగే ఉంచుతారు. గడ్డ లోపలే మాడిపోతుంది. కుట్లు ఉండవు, ప్లేటు ఉండదు. ఆ రాత్రో మర్నాడో ఇంటికి పంపేస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్కసారితోనే నొప్పి పోతుంది. ఎముకలో సూది చేసిన రంధ్రం పూడేదాకా కొన్నాళ్లు గెంతులూ పరుగులూ వద్దంటాం, అంతే.

రెండోది నీటితిత్తి. వైద్య పుస్తకాల్లో సింపుల్ బోన్ సిస్ట్ అంటారు. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఎముక లోపల గుల్ల ఏర్పడి, అందులో లేత పసుపు రంగు ద్రవం చేరుతుంది. నొప్పి ఉండదు. ఏ కబడ్డీ ఆటలోనో పడి ఎముక విరిగినప్పుడే చాలామందిలో బయటపడుతుంది. ఈ తిత్తి ఎక్కువగా వచ్చే చోట్లు రెండు: భుజం దగ్గర ఎముక, తుంటి దగ్గర ఎముక. 1979లో ఇటలీకి చెందిన స్కాలియెట్టి తిత్తిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి మాన్పే పద్ధతి ప్రకటించారు. భుజం దగ్గరైతే ఇప్పటికీ చాలామంది ఆ దారిలో పోతారు. చెయ్యి విరిగినా జోలె కట్టుకుని తిరగొచ్చు. తుంటి దగ్గర అలా వేచి చూడటం కష్టం. ఇంజెక్షన్ పనిచేసేలోపు మెడ విరిగితే జరిగే నష్టం పూడ్చలేనిది. అందుకే తిత్తి పెద్దదై, చుట్టూ ఎముక పలచబడితే గీకి శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, లోహపు ఆసరా పెడతాం. స్క్రూలు ఎదిగే పొరను దాటకుండా వీలైనంత జాగ్రత్తపడతాం. బాగా చిన్నపిల్లలైతే నడుము నుంచి కాలి దాకా కొన్ని వారాలు పిండికట్టు వేయాల్సి రావచ్చు.

మూడోది ఫైబ్రస్ డిస్‌ప్లాసియా. ఇది అర్థం కావాలంటే గడ్డంటే కోసి పారేసేదన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టాలి. 1938లో లిక్టెన్‌స్టీన్ దీనికి ఈ పేరు పెట్టారు. తల్లి కడుపులో బిడ్డ రూపుదిద్దుకునే తొలి దశలో ఒక కణంలో జీనాస్ అనే జన్యువు మారిపోతుంది. ఆ కణం నుంచి పుట్టిన ఎముక గట్టిపడదు, పీచుగానే మిగిలిపోతుంది. ఇది అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు, వీళ్ల పిల్లలకూ పోదు. కొందరిలో ఒకే ఎముకకు, కొందరిలో చాలా ఎముకలకు ఉంటుంది. తుంటి దగ్గర ఆ మెత్తటి ఎముక రోజూ పడే బరువుకు కొంచెం కొంచెంగా వంగుతుంది, సన్నగా నెర్రెలిస్తుంది, మళ్లీ వంగుతుంది. ముదిరిన కేసుల్లో ఎక్స్‌రే చూస్తే తొడ ఎముక పైభాగం గొర్రెల కాపరి చేతికర్ర వంపులా కనపడుతుంది. వైద్యులు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. కాలు పొట్టి అవుతుంది, నడకలో ఒళ్లు ఒక పక్కకు ఊగుతుంది.

ఒకప్పుడు దీన్ని గీకి తీసి, రోగి నడుము ఎముకలోంచి గుల్ల ఎముక తెచ్చి నింపేవారు. ఏడాది రెండేళ్లలో ఆ కొత్త ఎముక కరిగిపోయి, దాని చోట మళ్లీ పాత జబ్బు ఎముకే కనపడేది. ఒళ్లు ఎముకను నిరంతరం తవ్వి కొత్తగా కడుతూనే ఉంటుంది. ఇక్కడ కట్టే కణాల్లోనే లోపం ఉంది. గుల్ల ఎముకను ఆ కణాలు తొందరగా మార్చేస్తాయి. గట్టి ఎముక అయితే అంత సులువుగా లొంగదు. 1986లో అమెరికాకు చెందిన ఎన్నెకింగ్, గేరెన్ కాలి పిక్క పక్కన ఉండే సన్నటి ఫిబులా ఎముకను తీసి, మెడలోకి దూలంలా దించి మంచి ఫలితాలు చూపించారు. ఇప్పుడు చాలాచోట్ల వంపును కోసి సరిచేసి, తొడ ఎముక పొడవునా రాడ్డు దించి, దాని గుండా మెడలోకి స్క్రూ వేస్తున్నారు. ప్లేటు అయితే అది ముగిసిన చోట మళ్లీ విరిగే వీలుంది, రాడ్డు ఎముక మొత్తానికీ ఆసరా. ఈ జబ్బులో ఆపరేషన్ చేసేది గడ్డను తీసేయడానికి కాదు, ఎముకను నిలబెట్టడానికి. నొప్పి ఎక్కువుంటే ఎముకను బలపరిచే ఇంజెక్షన్లు కొంత పనిచేస్తాయి. రేడియేషన్ మాత్రం పెట్టించకూడదు. మామూలు జబ్బును క్యాన్సర్‌గా మార్చే ప్రమాదం అందులో ఉంది.

నాలుగోది జెయింట్ సెల్ ట్యూమర్. ఎదుగుదల ఆగాక, ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది. మోకాలి చుట్టూ ఎక్కువ, తుంటి దగ్గర కొంత తక్కువ. క్యాన్సర్ జాబితాలో లేకపోయినా ఎముకను జోరుగా తినేస్తుంది, తీసినా తిరగబెడుతుంది. కొద్దిమందిలో ఊపిరితిత్తుల్లోనూ కనపడుతుంది, అందుకే ఛాతీ స్కాన్ కూడా రాస్తాం.

దీనికి చేసే ఆపరేషన్ ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను. తొడ పక్కన చెయ్యి పెట్టి తడిమితే గట్టి బుడిపె తగులుతుంది కదా, సాధారణంగా దాని కింద చర్మం కోసి కండను పక్కకు జరుపుతాం. రక్తనాళాలు ఉన్న వెనక వైపు జోలికి పోం. ఎముక గోడలో ఒక కిటికీ తెరుస్తాం. చిన్న కిటికీ పెడితే ఎముకకు మేలనిపిస్తుంది గానీ, లోపలి మూలలు కనపడవు. కనపడని మూలలోనే గడ్డ మిగిలిపోతుంది. అందుకని కిటికీ గడ్డంత వెడల్పుగా ఉండాలి. లోపల ఎరుపు గోధుమ రంగులో మెత్తటి పదార్థం, మధ్య మధ్య రక్తం. దాన్ని చెంచాలాంటి క్యూరెట్‌తో తోడేస్తాం. ఇంతటితో ఆపేసిన రోజుల్లో పదిమందిలో ముగ్గురు నలుగురికి గడ్డ తిరిగొచ్చేది. ఇప్పుడు గీకిన తర్వాత వేగంగా తిరిగే బర్ యంత్రంతో చుట్టూ గోడను మరో పొర చెక్కుతాం. సెలైన్ నీళ్లు పోస్తూనే ఉండాలి, లేకపోతే ఎముక మాడుతుంది. తర్వాత ఫినాల్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ వాడి, కొన్ని ఆసుపత్రుల్లో ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి, కంటికి ఆనని కణాలను చంపుతారు.

ఇక ఖాళీని నింపాలి. నర్సు పొడినీ ద్రవాన్నీ కలిపి ఎముక సిమెంటు ముద్ద చేస్తుంది. చేతి తొడుగుకు అంటుకోని పాకం వచ్చేదాకా ఆగి, గుల్లలో నొక్కి నింపుతాం. పది పదిహేను నిమిషాల్లో వేడెక్కి రాయిలా గట్టిపడుతుంది. ఆ వేడి కూడా మిగిలిన కణాలకు చేటే. కీలు మృదులాస్థి దగ్గర్లో ఉంటే దానికి వేడి తగలకుండా మధ్యలో ఎముక పొర వేస్తాం. సిమెంటుతో ఇంకో లాభం, గడ్డ తిరగబెడితే ఎక్స్‌రేలో సిమెంటు అంచున నల్లటి గీత విడిగా కనపడుతుంది. ఆ పైన ప్లేటో రాడ్డో వేసి ముగిస్తాం. తల పూర్తిగా తినేసి ఉంటే, ఆ భాగం తీసి కృత్రిమ కీలు పెట్టక తప్పదు. డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ కూడా వచ్చింది. కొయ్యడానికి వీలుకాని గడ్డలకు అది వరమే. గీకి తీయబోయే గడ్డకు ముందుగా ఇస్తే మాత్రం చుట్టూ కొత్త ఎముక కట్టి, అందులో గడ్డ కణాలు దాక్కుని తర్వాత తిరగబెట్టే వీలుంది. ఎవరికి ఇవ్వాలన్నది అనుభవజ్ఞులు తేల్చాలి.

ఇవి కాక, రక్తంతో నిండే ఎన్యురిస్మల్ బోన్ సిస్ట్ అయితే, ఆపరేషన్‌కు ముందే ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి రక్తం దారి మూసేస్తారు. తల లోపలే వచ్చే కాండ్రోబ్లాస్టోమా లాంటి వాటికి స్విట్జర్లాండ్ బెర్న్ నగరానికి చెందిన గాంజ్ 2001లో ప్రకటించిన పద్ధతి అక్కరకొచ్చింది. రక్తనాళాన్ని కాపాడుకుంటూ తలను గిన్నెలోంచి బయటకు తీసి, పని ముగించి మళ్లీ కూర్చోబెట్టే పద్ధతి అది.

అన్నిటికీ కత్తి అక్కర్లేదని కూడా చెప్పాలి. వేరే పనికి తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా కనపడి, నొప్పి లేకుండా, చుట్టూ గట్టి అంచుతో చిన్నగా ఉన్న మచ్చలు చాలా ఉంటాయి. వాటిని గమనిస్తూ ఉంటే చాలు. ఎముక మీద బుడిపెలా మొలిచే ఆస్టియోకాండ్రోమా కూడా నొప్పి పెట్టకపోతే, కీలుకు అడ్డం రాకపోతే వదిలేయొచ్చు. ఎదుగుదల ఆగిన తర్వాత కూడా అది పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. నడుస్తూ నడుస్తూ, లేదా మంచం దిగబోతూ తుంటి ఎముక విరిగిందంటే అది మామూలు విరుపు కాకపోవచ్చు. అలాంటప్పుడు కారణం తేల్చకుండా హడావిడిగా రాడ్డు దించకూడదు. లోపల ఉన్నది నిజంగా క్యాన్సర్ అయితే, ఆ రాడ్డు దాన్ని తొడ ఎముక పొడవునా పాకిస్తుంది, కాలు కాపాడే అవకాశం చేజారుతుంది. ముక్క పరీక్ష కూడా తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జన్ చేతుల మీదుగానో, ఆయన చెప్పిన దారిలోనో జరగాలి. సూది దిగిన దారిని కూడా తర్వాత కోసి తీయాల్సి రావచ్చు మరి.

విరిగిన ఎముకలకు నాటువైద్యులు కట్టే పుత్తూరు కట్టు పేరు మన రాష్ట్రాలు దాటి తమిళనాడు, కర్ణాటకల్లోనూ తెలుసు. చెయ్యి విరిగితే అక్కడికి వెళ్లొచ్చి బాగుపడ్డామని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మీద నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తుంటి విషయంలో మాత్రం కట్టుకైనా, మర్దనకైనా వెళ్లేముందు ఒక ఎక్స్‌రే తీయించండి. లోపల గుల్లగా ఉన్న ఎముకను గట్టిగా మర్దన చేసి కాలు లాగితే విరుగుతుంది.

ఆపరేషన్ అయ్యాక అందరూ అడిగేది, ఎప్పుడు నడుస్తానని. సిమెంటు నింపి రాడ్డు వేస్తే చాలామందిని ఒకటి రెండు రోజుల్లోనే వాకర్‌తో నిలబెడతాం. ఎముక పొడి నింపితే అది అతుక్కునేదాకా, అంటే ఆరు నుంచి పన్నెండు వారాలు, కాలి మీద పూర్తి బరువు వేయనివ్వం. మఠం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం డాక్టరు సరేనన్నాకే. ఇంట్లో ఈలోపు కమోడ్ కుర్చీ ఏర్పాటు చేసుకోవడం మంచిది. నొప్పి పోయింది కదా అని చెకప్‌లు మానేయకండి. గడ్డలు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు మీ డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. గడ్డ పేరేమిటి, అది ముక్క పరీక్షలో తేలిందా? ఆపరేషన్ గడ్డ తీయడానికా, ఎముకను నిలబెట్టడానికా, రెండింటికీనా? ఆగితే ఏమవుతుంది? మూడింటికీ సూటిగా జవాబు వస్తే ధైర్యంగా సంతకం పెట్టండి, రాకపోతే ఇంకొకరి సలహా తీసుకోండి. ఎక్స్‌రేలు, స్కాన్ సీడీలు, పాథాలజీ స్లైడ్లు అడిగి తీసుకుని దాచుకోండి. ఖర్చు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

చివరగా అమ్మానాన్నలకు ఒక మాట. నొప్పి ఒకే కాలికి, అదీ రాత్రిళ్లు వస్తూ, మూడు వారాలు దాటినా తగ్గకపోతే పిల్లాణ్ని డాక్టరుకు చూపించండి. పిల్లాడు మోకాలినే చూపిస్తున్నా సరే, తుంటికి కూడా ఎక్స్‌రే తీస్తారా అని మీరే అడగండి.